నిలబడి చదవనిచ్చే దుకాణం

మా ఎల్లారెడ్డిలో దర్జీని ఎవరూ ఎంచుకోరు. కటింగు షాపునూ ఎంచుకోరు, కిరాణం సేటునూ ఎంచుకోరు. నాయిన ఎక్కడ కుట్టించుకున్నాడో కొడుకూ అక్కడే కుట్టించుకుంటాడు. కొలతలు ప్రతిసారీ తప్పుతాయి. అయితే అవి తాతల నాటి నుంచీ తప్పుతూనే ఉన్నాయి గనుక ఎవరికీ పట్టింపు లేదు. మందుల షాపు, ఎరువుల దుకాణం, ముహూర్తాలు పెట్టే అయ్యగారు, అన్నీ ఇల్లూ పొలంతో పాటే పంపకాల్లో వస్తాయి. నాకూ వచ్చాయి. ఒక్క కామిక్స్ దుకాణం మాత్రం మా నాయిన రాసిచ్చి పోలేదు. ఆయన లెక్కలో బొమ్మల పుస్తకమంటే పంచాంగమే. అందులోనూ రాశికొకటి చొప్పున పన్నెండు బొమ్మలు చాలని ఆయన అభిప్రాయం.

నీటిపారుదల శాఖలో గుమాస్తాగా రిటైరయ్యాక చేతిలో పింఛనూ తీరికా రెండూ ఉన్నాయి. చిన్నప్పుడు డబ్బుల్లేక సగంలో వదిలేసిన బొమ్మల పుస్తకాలన్నీ కొని చదువుకుందామనుకున్నాను. ఈ సంగతి డాలస్‌లో ఉన్న మా మేనల్లుడికి చెప్తే వాడు నాకంటే ఎక్కువ ఉత్సాహపడ్డాడు.

"మామా, ముందుగాల ఒక్క దుకాణం ఖాయం చేస్కో. ప్రతి బుధవారం ఆడికే పో. నేను గట్లనే పోత."

అమెరికాలో కొత్త కామిక్స్ బుధవారం దిగుతాయట. వీడికి కావలసినవన్నీ దుకాణంవాళ్లు ముందే తీసి, వీడి పేరు రాసి పక్కన పెడతారట. ఇదేదో మర్యాద అనుకుంటాం గానీ దాని వెనక లెక్క వేరు. 1970లలో ఫిల్ స్యూలింగ్ అనే బ్రూక్లిన్ బడిపంతులు పబ్లిషర్లతో ఒక బేరం పెట్టాడు. ధర బాగా తగ్గించి ఇవ్వండి, అమ్ముడుపోనివి మేం వాపసు పంపం అని. అప్పట్నుంచి అక్కడ కామిక్స్‌కు విడిగా దుకాణాలు వెలిశాయి. వాపసు లేదు గనుక ఒక్క కాపీ మిగిలినా దుకాణదారు నెత్తిమీదే పడుతుంది. అందుకని ఎవరికేం కావాలో ముందే అడిగి రాసుకుంటాడు. మన దగ్గర ఏజెంటు బస్సులో కట్ట వేస్తాడు, పోయినవి పోగా మిగిలినవి వాపసు. ఇక మన దుకాణదారుకు నా పేరుతో ఏం పని?

దుకాణాన్ని ఎలా ఎంచాలో మా మేనల్లుడు పెద్ద జాబితా పంపాడు. సరుకు చూడాలట, శుభ్రత చూడాలట, పనివాళ్లు నవ్వుతూ మాట్లాడుతున్నారో లేదో చూడాలట. కామారెడ్డి జిల్లాలో నవ్వుతూ మాట్లాడే దుకాణదారు దొరికితే ముందు ధర అడగాలి. నా పరీక్ష మాత్రం ఒక్కటే. నిలబడి చదువుతుంటే ఎంతసేపు ఊరుకుంటాడు?

ఈ పరీక్ష పుట్టింది కామారెడ్డి బస్టాండులో. నా చిన్నతనంలో అక్కడ ఒకాయన పుస్తకాల స్టాలు నడిపేవాడు. సుతిలి తాడు కట్టి, దానికి బట్టలారేసే క్లిప్పులతో వారపత్రికలు వేలాడదీసేవాడు. కింద చెక్కబల్ల మీద చందమామ, బాలమిత్ర, బొమ్మరిల్లు. వాటి పక్కన మధుబాబు షాడో నవలలు. షాడో వెనకాల, పెద్దవాళ్లు వంగితే తప్ప కనబడకుండా, మరికొన్ని. ఆయన చేతిలో ఎప్పుడూ దుమ్ము దులిపే గుడ్డ ఉండేది. పుస్తకం తీస్తే ఏమీ అనడు. నాలుగు పేజీల దాకా మర్యాదే. అయిదో పేజీకి పక్క పుస్తకాలు దులపడం మొదలుపెడతాడు. ఆరో పేజీకి గుడ్డ మన చేతిలోని పుస్తకం మీదికొస్తుంది. ఆ తర్వాత మన మొహం మీదికి. బేతాళుడు ప్రశ్న వేసేదాకా ఊరికే చదువుకోవచ్చు, విక్రమార్కుడి జవాబు కావాలంటే డబ్బులు తీయాలి. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందని రాజుకు భయం. తెలియకుండానే, నిక్షేపంలాంటి తలతో, ఎల్లారెడ్డి బస్సెక్కి రావడంలోని కష్టం ఆయనకేం తెలుసు?

ఆ రోజుల్లోనే ఒక అద్దె పుస్తకాల షాపు కూడా ఉండేది. డిపాజిట్ కడితే రోజుకు ఇంతని అద్దె. అక్కడ నిలబడే పని లేదు, బల్ల వేసేవాళ్లు. కానీ ఏ పుస్తకానికీ చివరి పేజీ ఉండేది కాదు. షాపాయనను అడిగితే "గందుకే అద్దె తక్కువ" అనేవాడు.

ఇదంతా చెబితే మా మేనల్లుడు ఫోన్‌లోనే అడ్డం తగిలాడు. "మామా, చందమామ కామిక్స్ కాదు. బొమ్మల లోపటనే మాటలుండాలె, గడులుండాలె." నిజమే, చందమామలో కథ ఒక పక్క, బొమ్మ ఒక పక్క. కానీ వడ్డాది పాపయ్య ముఖచిత్రం చూశాక లోపలి కథ చదవాల్సిన పనేముంది? శంకర్ గీసిన విక్రమార్కుడి భుజం మీద శవం ఎన్ని దశాబ్దాలు వేలాడిందో చూశాక గడులెందుకు? 1947 జులైలో మద్రాసులో మొదలైన పత్రికను 2010 దాటాక మొదలైన అమెరికా ఉద్యోగి వచ్చి కామిక్స్ కాదనడం నాకు నచ్చలేదు. గడులే కావాలంటే మనకూ ఉన్నాయి. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారబ్బాయి బుజ్జాయి ఆంధ్రపత్రిక వారపత్రికలో 'డుంబు' బొమ్మల కథ గీశాడు. తండ్రి కవిత్వం విని ఊళ్లో ఆడామగా కన్నీళ్లు పెట్టుకుంటుంటే కొడుకు పిల్లల్ని నవ్వించే పని పెట్టుకున్నాడు. ఇంటికొకడు అలా ఉండాలి.

అమర్ చిత్ర కథ సంగతి సరేసరి. 1967లో అనంత్ పాయ్ దూరదర్శన్‌లో ఒక క్విజ్ చూశాడు. పిల్లలు గ్రీకు దేవుళ్ల పేర్లు గడగడా చెప్పారు, రాముడి తల్లి ఎవరంటే మాత్రం నోళ్లు వెళ్లబెట్టారు. ఆ బాధలోంచి కృష్ణుడి పుస్తకం వచ్చింది. మొదటి పది నంబర్లూ అప్పటికే విదేశీ కథలకు పోవడంతో మన కృష్ణ పరమాత్మకు దొరికింది 11. దేవుడికైనా వరసలో నిలబడక తప్పలేదు. నాకిందులో ఊరట ఏమిటంటే పాయ్ కూడా ఆ క్విజ్‌ను ఒక షాపు దగ్గర నిలబడే చూశాడని చెబుతారు. నిలబడి చూడనిచ్చిన ఆ షాపువాడికి దేశం రుణపడి ఉంది.

సరే, దుకాణం కోసం బయల్దేరాను. ముందు మా ఎల్లారెడ్డి. ఇక్కడ పుస్తకాల షాపంటే జిరాక్సు, లామినేషను, పాస్‌పోర్టు ఫొటోలు, రీచార్జి, చివర్న కొంచెం పుస్తకాలు.

"ఏం గావాలె సారూ?"

"కామిక్స్ ఉన్నయా?"

"కాస్మెటిక్సా? పక్క సందుల లేడీస్ ఎంపోరియం ఉంది."

బొమ్మల పుస్తకాలని విడమరిచి చెప్తే ఆవు బొమ్మకు రంగులు వేసే పుస్తకం ఇచ్చి, "మనవనికి ఎన్నేండ్లు?" అన్నాడు. నాకే అంటే ఎందుకైనా మంచిదని ఆ పుస్తకం వెనక్కి తీసుకున్నాడు.

ఆన్‌లైన్‌లో తెప్పించి చూశాను. చిరునామాలో ఎల్లారెడ్డి అని రాస్తే చాలనుకునేవాళ్లకు ఈ రాష్ట్ర భూగోళం తెలియదు. నా పార్సెల్ ముందు హైదరాబాదులో ఎల్లారెడ్డిగూడ చూసింది. తర్వాత సిరిసిల్ల జిల్లా ఎల్లారెడ్డిపేట వెళ్లింది. మూడోసారి మన జిల్లాలోకే వచ్చి, కామారెడ్డి పక్కనే ఉన్న అడ్లూర్ ఎల్లారెడ్డిలో దిగింది. ప్రతిచోటా 'చిరునామాలో ఎవరూ లేరు' అని నాకు మెసేజ్. నేను ఇంట్లోనే, అరుగు మీదే కూర్చుని ఉన్నాను. డబ్బులు వాపసు వచ్చాయి గానీ, అన్ని ఊళ్లు తిరిగిన పుస్తకం చూసే భాగ్యం మాత్రం దక్కలేదు.

ఇక దిక్కు కామారెడ్డే. లింగంపేట, తాడ్వాయి మీదుగా దాదాపు 40 కిలోమీటర్లు. 2023 డిసెంబరులో అప్పటి ముఖ్యమంత్రినీ, నాలుగు రోజుల్లో ముఖ్యమంత్రి కాబోతున్నాయననూ ఒకే ఎన్నికలో కాదని మూడో ఆయనను గెలిపించిన ఊరది. ఎంచుకోవడం ఆ ఊరి నీళ్లలోనే ఉంది, నాకూ ఒక దారి చూపించకపోతుందా అనుకున్నాను.

మొదట గ్రంథాలయానికి పోయాను. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం కదా, ఆ ఎనిమిది పైసల బొమ్మలైనా చూడాలి. లోపల సూది పడితే వినబడేంత నిశ్శబ్దం. బల్లలన్నీ గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకు చదివే పిల్లలతో నిండి ఉన్నాయి. పిల్లల అలమరలోంచి అమర్ చిత్ర కథ ఒకటి తీసి ఓ మూల కూర్చున్నాను. పక్కనున్న కుర్రాడు నా పుస్తకం వైపు చూస్తున్నాడు. భయంభయంగా చూస్తున్నాడు. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"సార్, గిది ఏ పేపర్‌లకు? సిలబస్ మార్చిండ్రా?"

లేదన్నాను. నమ్మలేదు. పుస్తకం పేరు, నంబరు నోట్ చేసుకున్నాడు. కాసేపటికి ఆ అలమర దగ్గర నలుగురు గుమిగూడారు. నిరుద్యోగుల మీద కొత్త బరువు మోపడం ఇష్టం లేక లేచి వచ్చేశాను.

తర్వాత పాత పేపర్ల దుకాణం. నాకు నచ్చిన దుకాణం ఇదే అని చెప్పాలి. కాంటా పక్కన కట్టలు కట్టలుగా పుస్తకాలు. ఇంటర్ ఫిజిక్స్ గైడు కింద హిందీ చాచా చౌదరి నలిగి కనిపించాడు. మెదడు కంప్యూటరు కంటే వేగంగా పనిచేసే పెద్దమనిషి, కిలోల లెక్కన పడి ఉన్నాడు. ఎంతసేపు నిలబడి చదివినా ఇక్కడ ఎవరూ ఏమీ అనరు. పైగా దుకాణదారు నాకు వ్యాపార రహస్యం ఒకటి చెప్పాడు.

"గవి తక్కువ సార్. పేపరైతే బజ్జీల బండ్లోళ్లు కొంటరు. గీ నున్నటి కాయితం నూనె పీల్వది."

ప్రపంచ సాహిత్యాన్ని ఇంత సూటిగా తూకం వేసిన విమర్శకుణ్ణి నేను చూడలేదు. ఆయన దగ్గరే ఖాతా పెట్టుకుందును. కానీ ఆ దుకాణంలో ఈ వారం ఉన్నది వచ్చే వారం ఉండదు. నేను చాచా చౌదరిని సగం చదివి, మిగతా సగం తర్వాత వచ్చి చదువుదామని దాచిపెట్టి వస్తే, ఆయన మొత్తం లారీకెత్తించాడు.

మిగిలింది ఒక స్టేషనరీ షాపు. నోటుబుక్కులు, జామెట్రీ బాక్సులు అమ్ముతుంది. వెనక అరలో ఎవరో ఎన్నడో తెచ్చిపెట్టిన అమర్ చిత్ర కథ మహాభారతం, హిందీవి, 42 భాగాలూ ఉన్నాయి. దుకాణదారు చిన్నవాడు. ఎంతసేపు నిలబడతానో చూద్దామని పుస్తకం తెరిచాను. వాడు గుడ్డ తీయలేదు, గొంతు సవరించుకోలేదు. స్టూలు జరిపాడు. నా కళ్లు చెమర్చాయి. ఇంక ఇదే నా దుకాణం అని ఖాయం చేసుకుని, మొదటి భాగం ఒక్కటి కొని ఇంటికొచ్చాను. రానూపోనూ బస్సు చార్జీ లెక్క చూసిన మా ఆవిడ పుస్తకం వైపు చూడలేదు, నా వైపే చూసింది.

"పుస్తకం కన్న టికెట్టే ఎక్కువున్నది గదనయ్యా. నువ్వు పోతే పైసలు, నేను పోతే ఫ్రీ. చిట్టీ రాసియ్యి, నేనే తెస్త."

2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమైన సంగతి నేను సంపాదకీయాల్లో చదివాను గానీ, అది నా మహాభారతం దాకా వస్తుందనుకోలేదు. ఆధార్ కార్డు, జీరో టికెట్టు, చేతిసంచి. మా ఆవిడ బయల్దేరింది. బోధన్‌లో చదువుకున్న మనిషి, హిందీ నాకంటే బాగా వచ్చు. పోయేటప్పుడు "ముసల్తనంల బొమ్మల పుస్తకాలు" అని సణిగింది. వచ్చేటప్పుడు లింగంపేట దాటేదాకా తలెత్తలేదని పక్కింటి కోడలు చెప్పింది. ఇద్దరూ ఒకే బస్సులో వచ్చారు.

అప్పట్నుంచి మా ఇంట్లో పసుపు అయిపోయినా కామారెడ్డే, దారపుండ అయిపోయినా కామారెడ్డే. ట్రిప్పుకొక భాగం. మొత్తం ఒకేసారి తెచ్చెయ్యరాదా అంటే, "గన్ని ఎవలు మోస్తరు?" అంటుంది. అయిదు కిలోల బెల్లం ముద్ద మోసుకొచ్చిన రోజే ఆ మాట అంది. తెచ్చినవి ముందు తను చదవాలి, తర్వాత పక్కింటి కోడలు, ఆమె తర్వాత నేను. నేను ద్రోణాచార్యుడి దగ్గర ఉండగానే వాళ్లిద్దరూ లక్క ఇల్లు కాలుతున్న వాసన గురించి మాట్లాడుకుంటున్నారు.

ఆగలేక ఒకరోజు డబ్బులు పెట్టి నేనే కామారెడ్డి పోయాను. దుకాణంలో పిల్లవాడు నన్ను గుర్తుపట్టలేదు. మహాభారతం తర్వాతి భాగం అడిగాను.

"అయి అన్ని ఎల్లారెడ్డి అక్కయి సార్. పక్కకు పెట్టిన. బయటోళ్లకు ఇయ్యొద్దన్నది."

ఆ అక్క మొగుణ్ణి నేనేనన్నాను. వాడు నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "అయితే ఒకసారి ఫోన్ కలుపుండ్రి" అన్నాడు. కలిపాను. స్పీకరు పెట్టమన్నాడు, పెట్టాను. ఇవతల బడిపిల్లలు పెన్నులు కొనడం ఆపి వింటున్నారు.

"గిప్పుడు ఏ పుస్తకం చేత వట్టుకున్నవ్?" అంది మా ఆవిడ.

"స్వయంవరం."

"ఆడనే పెట్టు. నేనింక సదవలే. ఇంటికొచ్చి ఎవలు గెలిశిండ్రో చెప్తివా, సూడు మరి!"