నాకు సొంత వేడి లేదు

రేపు భోగి. ఫిలింనగర్‌లో మా వీధి మొగదల అప్పుడే పోగు తయారైంది. కాలు విరిగిన కుర్చీ, చెద పట్టిన తలుపు, ఏదో సినిమా సెట్టు విప్పగా మిగిలిన వెదురుబద్దలు, వాటిమీద నాలుగు మడతలు పెట్టిన నేను. గోనెసంచిని. తెల్లవారుజామున నాలుగింటికి అంటిస్తారు. ఆలోగా నా కథ చెప్పేసుకోవాలి.

పుట్టింది విజయనగరం జిల్లాలో, గోగు చేలో. తెలియదనకండి, మా ఆకే మీ కంచంలో గోంగూర. ఆకు మీ నోటికి పోయింది, కాడ చెరువుకు పోయింది. కట్టలు కట్టి, పైన బరువులు పెట్టి, వారాల తరబడి నీళ్లలో నానేశారు. ఆ వాసనకి ఊరు ఊరంతా ముక్కు మూసుకుంది. కుళ్లేది కుళ్లిపోగా మిగిలినదే నార. ఒకప్పుడు భీమునిపట్నం రేవులో ఓడెక్కిన సరుకు మాది. అందుకే పరదేశాల్లో మా నారకు భీమిలి జూట్ అని పేరుపడింది. నన్ను మాత్రం నెల్లిమర్ల మిల్లులో నేశారు. తిండిగింజలు నార సంచుల్లోనే నింపాలని 1987లో చట్టం వచ్చింది కదా, ఆ చట్టం చలవతో నా కడుపులో తొలిసారి పడ్డది 50 కిలోల బియ్యం.

ఆ బియ్యం రేషన్ షాపులో ఖాళీ అయింది. నేను చేతులు మారి మారి కృష్ణానగర్‌లో ఒక కిరాణా కొట్టుకి చేరాను. వేషాల కోసం తెల్లారకముందే రోడ్డుమీద నిలబడే జూనియర్ ఆర్టిస్టులు అప్పు రాయించుకునే కొట్టు అది. ఒక రోజు సినిమావాళ్లు వచ్చి పది సంచులు బేరమాడారు. అలా నేనూ సినిమాల్లోకి వచ్చాను. వేషం పెద్దదే! నా నిండా ఇసుక పోసి మూతి కుట్టి లైటు స్టాండు కాళ్లమీద పడేశారు, గాలికి పడిపోకుండా. తెరమీద ఎప్పుడూ కనపడని బరువుని నేను.

ఆ రోజుల్లో లైట్లంటే టంగ్‌స్టన్ దీపాలు. తాగే కరెంటులో నూటికి తొంభై వంతులకు పైగా వేడిగానే పోయేది, వెలుగు కొసరు. రాత్రి షూటింగుల్లో ఆ వేడికి ఆశపడి వీధికుక్కలు నా పక్కన చేరి డొక్కలు చాపేవి. తర్వాత ఎల్ఈడీలు వచ్చాయి. వెలుగు అంతే ఉంది, కరెంటు బిల్లు తగ్గింది, కుక్కలు మాత్రం కాసేపు ఆ స్టాండు చుట్టూ తిరిగి, ముక్కుతో వాసన చూసి, ఏదో మోసం జరిగిందన్నట్టు వెళ్లిపోయేవి. లైటు చల్లబడ్డ సంగతి ఆ వీధిలో ముందు పసిగట్టినవి అవే.

సంక్రాంతికి విడుదలయ్యే సినిమాలో భోగి మంట దసరాకే వెలిగిపోతుంది. నిరుటికి ముందటేడు అలాంటి ఒక పల్లెటూరి సెట్టులో ఇసుక దులిపి, ఊక నింపి, ధాన్యం బస్తా వేషం వేశారు నాకు. గ్యాసు గొట్టాల మంట. ఆ మంటకి జానెడు దూరంలో నేను. సరిగ్గా షాట్ వేళకి నల్లకుక్క ఒకటి తోకూపుకుంటూ ఫ్రేములోకి నడిచొచ్చింది. అసిస్టెంటు గుండె జారిపోయింది. 2001 నిబంధనల ప్రకారం సినిమాలో జంతువు నటించాలంటే జంతు సంక్షేమ బోర్డు దగ్గర ముందే అనుమతి తీసుకోవాలి. అనుమతి లేని కుక్కని తరిమేశారు. కెమెరా ముందు దాన్ని కనిపెట్టుకోవడానికి బోర్డు ఉంది. కెమెరా వెనక అది ఎక్కడ పడుకుంటుందో అడగడానికి పాలమూరు నుంచి వలసొచ్చిన ఒక వాచ్‌మన్ తాత ఉన్నాడు. దానికి లచ్చి అని పేరు పెట్టింది ఆయనే. ప్యాకప్ అయ్యాక నన్నూ, సెట్టులోని నాలుగు మోపుల వరిగడ్డినీ తన గదికి మోసుకుపోయిందీ ఆయనే.

మీ తిట్లలో చిత్తకార్తె కుక్క అని ఒకటుంది. తిట్టు మీది, లెక్క ప్రకృతిది. చిత్తకార్తె వచ్చేది అక్టోబరు నడిమిన. కుక్క కడుపు మోసేది 63 రోజులు, అటూ ఇటూగా. కలిపి చూడండి. ధనుర్మాసం పెట్టే వేళకి, ఏడాది మొత్తంలో రాళ్లు కూడా చల్లబడే ఆ రోజులకి, ఊళ్లో కుక్కలన్నీ బాలింతలే. ఫిలింనగర్ రాతిగుట్టల ఊరు. పగలంతా ఎండ తాగిన బండలు డిసెంబరులో మబ్బులేని ఆకాశం కింద రాత్రికి రాత్రే చల్లబడిపోతాయి. మీకు 13 డిగ్రీలంటే శాలువా కప్పుకుని ఇరానీ చాయ్ తాగే సరదా. అప్పుడే పుట్టిన పిల్లకి అది చావు.

లచ్చి మెట్లకింద సిమెంటు గచ్చుమీద నలుగురిని కంది. రెండో రాత్రి ఒక పిల్ల గుంపులోంచి దొర్లిపోయింది. తెల్లారి తాత చేతిలోకి తీసుకునే సరికి అది రాయిలా ఉంది. ఆయన గబగబా పాలు వెచ్చబెట్టాడు. నోట్లో పిండబోతుండగా ఎదురింట్లో అద్దెకుండే అమ్మాయి, రాజేంద్రనగర్‌లో పశువైద్యం చదువుతోంది, పరుగున వచ్చింది.

"తాతా, ఆగు! పాలు వద్దు ఇప్పుడు."

"ఆకలైతుండె బిడ్డా. రాత్రంత తల్లి దగ్గర లేదు."

"ఒళ్లు చల్లబడితే కడుపు పని చెయ్యదు తాతా. పాలు అరగవు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు వెచ్చబడాలి, తర్వాతే పాలు."

సీసాలో గోరువెచ్చని నీళ్లు పోసి, తువాలు చుట్టి, పిల్లని దాని పక్కన పడుకోబెట్టింది. ఒక్కసారిగా కాదు, మెల్లమెల్లగా. గంట పైనే పట్టింది. కాలు కదిలింది, మూతి వెతుక్కుంది, అప్పుడు తల్లి చన్నుకి అందించారు. ఆవుపాలు కూడా దీనికి సరిపడవని, తల్లిపాలే దారి అని చెప్పింది. పుట్టిన మొదటి వారం వీటికి వణకడం కూడా చేతకాదట. వణుకంటే ఒంట్లో వేడి పుట్టించుకునే ఉపాయం. అది వచ్చేదాకా తల్లి పొట్ట, తోబుట్టువుల ఒళ్లు, కింద నేల. ఈ మూడింటిలో మొదటి రెండూ వేడిని ఇస్తాయి, మూడోది లాక్కుంటుంది.

నాకు పని దొరికింది అక్కడే.

తాత మొదట నన్ను తెచ్చి పిల్లల మీద కప్పాడు. ఆ అమ్మాయి నవ్వి, తీసి కింద వేసింది. చలి పైనుంచి పడుతుందని మీ అందరి నమ్మకం. గచ్చుమీద పడుకున్న ప్రాణికి చలి కిందనుంచే ఎక్కువ పాకుతుంది. సెట్టులో పారేసిన ప్లైవుడ్ ముక్కకి నాలుగు ఇటుకలు ఎత్తుపెట్టి, దానిమీద వరిగడ్డి కూరిన నన్ను పరిచారు. మూడు పక్కలా అట్టపెట్టెలు, ఒక పక్క లచ్చి దూరేంత దారి. ఇల్లు పెద్దదైతే వెచ్చన ఆగదట, ఆ లెక్కన కొలిచి కట్టింది. నాకు సొంత వేడి లేదు. నిప్పు కాను, దీపం కాను. నేను చేసేదల్లా ఒకటే: లచ్చి వేడిని నేలకి పోనివ్వను. నార మధ్య, గడ్డి మధ్య ఇరుక్కున్న గాలే ఆ కాపలా. అందుకే తడిస్తే నేను ద్రోహిని. తడిసిన గోనె కన్నా ఉత్త నేల నయం. తాత రోజూ పొద్దున నన్ను ప్రహరీగోడ మీద ఎండకి ఆరేసి, కర్రతో కొట్టి గోమార్లు దులిపేవాడు. గడ్డి చెమ్మగిలితే మార్చేవాడు.

ఆ గోడమీద ఆరుతూ నేను జూబ్లీహిల్స్ చలికాలం అంతా చూశాను. పొద్దున్నే బంగళా కుక్కలు షికారుకి వచ్చేవి. పొట్టి బొచ్చు పగ్‌కి ఉన్ని స్వెట్టర్, సరే, అవసరమే. దాని వెనకే ఒక హస్కీ. మంచుదేశపు కుక్క, ఒంటిమీద రెండు పొరల బొచ్చు, ఏడాదంతా ఏసీ గదిలో వేసవిని తిట్టుకుంటూ గడిపి ఈ నెల కోసం ఎదురుచూసిన జీవి. దానికీ ఎర్ర స్వెట్టర్ తొడిగారు! నాలుక బయటపెట్టి రొప్పుతూ నడిచేది పాపం. ఇంకో ఇంటి ముసలి లాబ్రడార్ పొద్దున్నే మూడడుగులు కుంటి, నాలుగో అడుగుకి సర్దుకునేది. కీళ్లనొప్పులు. ఇంట్లో అంతా పాలరాతి నేల, ఎండాకాలం అమృతం, చలికాలం శత్రువు. ఆ అమ్మాయి డ్రైవరన్నతో చెప్పి దళసరి పరుపు ఒకటి వేయించింది, స్నానాలు తగ్గించమంది, పోసినరోజు ఒళ్లు పూర్తిగా ఆరేదాకా బయటికి వదలొద్దంది. కోట్ల ఇంట్లోనూ చలి ఇచ్చే సలహా ఒకటే: కింద చూడండి.

పిల్లులకి ఎవరి సలహా అక్కర్లేదు. షూటింగు ఉన్న రాత్రి జనరేటర్ వ్యాన్ పక్కన, లేని రాత్రి అప్పుడే వచ్చి ఆగిన కారు ఇంజను మీద. చిక్కంతా తెల్లారి కారు తీసేటప్పుడే. ఒక పొద్దున బోనెట్ కిందనుంచి వచ్చిన కేకకి వీధంతా ఉలిక్కిపడింది. పిల్లి బతికింది, తోక సగం పోయింది. అప్పటినుంచి తాత ప్రతి కారు బోనెట్‌మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి, "లెవ్వమ్మా, లెవ్వు, సారు పోవాలె" అన్నాకే గేటు తీసేవాడు. కొత్త డ్రైవర్లు ఆయనకి మతి చలించిందనుకునేవాళ్లు.

అందరూ మెచ్చారనుకోకండి. వీధిలో ఒక పెద్దమనిషి, "కుక్కల్ని మేపి మా పిల్లల మీదికి వదుల్తావా?" అని తాతని నిలదీశాడు. తాత ఎదురు చెప్పలేదు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాడిని వీధికుక్కలు పొట్టనపెట్టుకున్న సంగతి ఆయనకీ తెలుసు. ఆ రాత్రి తనూ అన్నం తినలేదని ఆ అమ్మాయితో చెప్పుకున్నాడు. ఆమె నెమ్మదిగా చెప్పింది: "భయం తప్పు కాదు తాతా. అదే ఏడు వచ్చిన కేంద్ర నిబంధనలు కూడా పిల్లలు ఆడుకునే చోట, గేట్ల దగ్గర, మెట్ల దగ్గర తిండి పెట్టొద్దంటాయి. వేళ ప్రకారం, దూరంగా ఒకచోట పెడదాం. ఇంకోటి. లచ్చి చెవి చూశావా? కొస నిండుగా ఉంది."

చెవి కొస కత్తిరించి ఉంటే ఆ కుక్కకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని గుర్తు. 1992లో నటి అమల అక్కినేని పెట్టిన బ్లూ క్రాస్ ఇదే జూబ్లీహిల్స్‌లో ఉంది. సినిమా తారలు రోడ్డుమీద పడ్డ కుక్కని ఎత్తుకోవడం అప్పటికి ఊరికి వింత. దెబ్బ తగిలిన జంతువులకి వైద్యంతో పాటు, ఈ ఆపరేషన్లూ రేబిస్ టీకాలూ అలాంటి సంస్థలు చేసే పనే. "గోనెసంచి మంచిదే తాతా," అంది ఆ అమ్మాయి, "కానీ చలికాలం సాయం చలికాలంలో చేస్తే సగమే. మిగతా సగం చిత్తకార్తెకి ముందే చెయ్యాలి."

నన్ను పొగిడినట్టూ ఉంది, నా పనికి గడువు పెట్టినట్టూ ఉంది.

నిరుడు భోగి నాడు నా ప్రాణం పోయినంత పనైంది. తెల్లారకముందే పిల్లలు కేరింతలు కొడుతూ పాత సామాను ఏరుతూ వచ్చి, పడుకున్న నాలుగు కుక్కపిల్లల్ని నా మీదనుంచి ఎత్తి పక్కన పెట్టి, నన్ను లాక్కుపోయారు. మంటకి బారెడు దూరంలో తాత అందుకున్నాడు.

"ఇది పాతది తాతా!"

"పాతదే బిడ్డా. శివరాత్రికి శివశివా అని పోతది చలి. అందాక దీంతోటి పనుంది. మళ్లొచ్చే భోగికి నేనే ఇస్త."

ఇచ్చిన మాట అదీ.

ఆ పిల్లల్లో మూడింటికి ఇళ్లు దొరికాయి. చల్లబడి బతికినది ఇప్పుడు ఆ అమ్మాయి దగ్గరే ఉంది. పాలు మరిచాక లచ్చిని ఆపరేషన్‌కి తీసుకెళ్లి, నాలుగు రోజులకి తెచ్చి ఇదే వీధిలో దించారు. చెవి కొస తెగింది, పొగరు తగ్గలేదు. మొన్న అక్టోబరులో చిత్తకార్తె వచ్చింది, పోయింది. ధనుర్మాసం వచ్చింది. మెట్లకింద ఒక్క కూన కూడా కుయ్యిమనలేదు. నా పదకొండు చిల్లుల మీద లచ్చి ఒక్కతే పడుకుంది, పక్కన సగంతోక పిల్లి. చిల్లుల్లోంచి గడ్డి రాలిపోతోంది. నేల దాని వేడిని మళ్లీ దొంగిలించడం మొదలుపెట్టింది, నేను ఆపలేకపోతున్నాను. నిన్న తాత కృష్ణానగర్ నుంచి కొత్త సంచి తెచ్చి గడ్డి కూరి వేశాడు. లచ్చి మూడుసార్లు చుట్టూ తిరిగి, వాసన చూసి, పడుకుంది. అంత తొందరగా పడుకోకపోయినా బాగుండేది.

ఇక నాలుగు కావస్తోంది. కాళ్ల చప్పుడు వినిపిస్తోంది. మంట చల్లారాక వెచ్చటి బూడిదలో కుక్కలు పడుకుంటాయి, అడుగున నిప్పులుంటాయని వాటికి తెలియదు, పాదాలు కాల్చుకుంటాయి. అందుకే తాత ఒక బకెట్టు నీళ్లు పక్కన పెట్టుకున్నాడు. గోగు కాడగా నీళ్లలో మొదలైనదాన్ని, నిప్పులో ముగుస్తాను. ఇన్నాళ్లూ ఎవరి వేడి వాళ్ల దగ్గర ఉంచడమే నా ఉద్యోగం. ఇవాళ కాసేపు నాదంటూ కొంచెం ఉంటుంది.

లచ్చి అప్పుడే వచ్చి ముందు వరసలో కూర్చుంది.

"దూరం జరుగు బిడ్డా," అంటున్నాడు తాత, "ఇంకా అంటియ్యలే."