ఇంట్లోనే రత్నపరీక్ష: ఓటమి ఎరుగని పద్ధతులు

సిద్దిపేట చుట్టుపక్కల చెల్క దున్నినా, బావి తవ్వినా, ప్లాట్ల కోసం నేల చదును చేసినా తెల్లరాళ్లు పైకి తేలతాయి. తెలియనివాళ్లు పలుగురాళ్లే కదా అని గెట్టు మీదికి విసిరేస్తారు. మీరు ఆ పని చేయకండి. ఎండకు తళుక్కుమన్నదాన్ని రుమాలులో చుట్టి, పొద్దుగూకినాక ఇంటికి తెచ్చుకోండి. పట్టపగలు తెస్తే ఎదురింటాయన ‘ఏందే అది?’ అని అడుగుతాడు, మీరు నోరు జారతారు, తెల్లారేసరికి మీ గెట్టు గెట్టులా ఉండదు.

కర్నూలు జిల్లాలో తొలకరి పడితే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాల కోసం తలలు వంచుకుని తిరుగుతారు. అక్కడ తిరగడానికి కారణం ఉంది. ఆ వైపు నేలలో ఇదివరకు వజ్రాలు దొరికాయి. దగ్గరలోనే అనంతపురం జిల్లా వజ్రకరూరులో, వజ్రాన్ని పాతాళం నుంచి మోసుకొచ్చే కింబర్లైట్ రాయి కూడా ఉంది. సిద్దిపేట కింద ఉన్నది గ్రానైటు, దాని నెర్రెల్లో గడ్డకట్టిన పలుగురాయి. ఇది భూగర్భశాస్త్రం చెప్పే మాట. మన పరీక్షలకు దీనితో నిమిత్తం లేదు.

మొట్టమొదట తేల్చుకోవాల్సింది ఆ రాయి ఏమిటన్నది. పరీక్షలు ఆ తర్వాత. చాలామంది ఈ వరుస తిప్పేసి నష్టపోతున్నారు. ముందు పరీక్ష చేసి, అది ఏం చెబితే అది నమ్ముతున్నారు. వజ్రమేనని గట్టిగా అనుకుని మొదలుపెట్టండి, పరీక్షలు కూడా మర్యాదగా నడుచుకుంటాయి. ఒకటి కాదంటే ఇంకొకటి ఉంటుంది. ఔనన్న చోట ఆపేయాలి.

అన్నిటిలోకి నమ్మదగింది గాజు పరీక్ష. రాయితో అద్దం మీద గీయండి, గీత పడితే వజ్రమే. బీరువా అద్దమైతే మేలు, చాలా రాళ్లకు సరిపోతుంది. కాకపోతే ఇంటావిడ పుట్టింటికి వెళ్లిన వారం చూసుకోండి. దీనికి ఒక పేచీ పెడతారు చదువుకున్నవాళ్లు. ఫ్రెడరిక్ మోస్ అనే జర్మన్ 1812లో రాళ్ల గట్టితనాన్ని ఒకటి నుంచి పది దాకా వరుస పెట్టాడు. గోటికి గీరుకుపోయే బలపపు రాయి ఒకటి, వజ్రం పది. గాజు ఐదున్నర దగ్గర ఉంటుంది, పలుగురాయి ఏడు, గ్రానైటులో గులాబీ రంగున కనిపించే ఫెల్డ్‌స్పార్ ఆరు. అంటే ఆ రెండూ గాజును గీస్తాయి. ఆ లెక్కన సిద్దిపేట గుట్టల్లో అద్దం మీద గీత పెట్టలేని రాయి దొరకడమే కష్టం. ఇంత ఉదారమైన పరీక్షను ఇలాంటి మాటలతో పాడుచేసుకోకూడదు. గీత పడ్డాక తడివేలితో తుడవద్దు కూడా. మెత్తటి రాయి అద్దం మీద తన పొడినే రాల్చి గీతలా కనబడుతుంది, తుడిస్తే పోతుంది. పోయాక బాధపడేది మీరే.

పరీక్షను తిరగేసి, పలుగురాయితో మీ రాయినే గీసి చూడమని చెప్పేవాళ్లూ ఉంటారు. వజ్రమైతే దాని మీద ఏ గీతా పడదు, నిజమే. అలాంటి సలహా ఇచ్చేవాడు మీ బాగు కోరేవాడు కాడు.

గాజుతో తృప్తి కలగకపోతే సుత్తి. దీనికి ప్రాచీన ప్రమాణం ఉంది. వజ్రాన్ని దాగలి మీద పెట్టి కొడితే సుత్తే పగులుతుందనీ, దాన్ని పగలగొట్టాలంటే వేడి మేకనెత్తురులో నానబెట్టాలనీ రోమ్‌లో ప్లినీ రాసిపెట్టి రెండువేల ఏళ్లు కావస్తోంది. గీతకు లొంగకపోవడం వేరు, దెబ్బకు తట్టుకోవడం వేరు. వజ్రానికి లోపల నాలుగు దిక్కుల్లో చీలిక తలాలు ఉంటాయి, సరైన చోట తగిలితే నున్నగా విడిపోతుంది. సానపట్టేవాళ్లు తరతరాలుగా దాన్ని చీల్చింది ఈ గుణం చూసే. అయినా భయపడకుండా కొట్టండి. ముక్కలైతే, అది వజ్రమే అయిన పక్షంలో మీకు ఒకటికి బదులు అనేకం. కాని పక్షంలో పోయిందేముంది?

నీటి పరీక్షకు వద్దాం. మేలైన వజ్రం నీళ్ల మీద తేలుతుందని వరాహమిహిరుడు బృహత్సంహితలో చెప్పాడు. వజ్రం నీటికంటే మూడున్నర రెట్లు బరువు, కాబట్టి మీ రాయి మునిగితే మేలైనది కాదనుకోండి, మామూలు వజ్రం. మునగడాన్ని ఇంకా లోతుగా చూడాలని మాత్రం సరదా పడకండి. రాయిని ఒకసారి గాలిలో, ఒకసారి దారానికి కట్టి నీళ్లలో వేలాడదీసి తూచడం అనే పద్ధతి ఒకటుంది. అవుసలాయన దగ్గరి సన్నపు త్రాసు చాలు. 10 గ్రాముల రాయి నీళ్లలో 3.77 గ్రాములు తేలికైతే పలుగురాయి, 2.84 గ్రాములు తేలికైతే వజ్రం కావచ్చు. అద్దం మీద గీతలక్కర్లేదు, రాయికి దెబ్బ తగలదు, ఖర్చు లేదు. కానీ దీనికి మొహమాటం తెలియదు. మీరు ఏమనుకుని మొదలుపెట్టారో అస్సలు లెక్క చేయదు. అందుకే దీన్ని మన పద్ధతుల్లోంచి తీసేశాం.

దాని బదులు ఊపిరి పరీక్ష చేసుకోండి. వజ్రం వేడిని చప్పున లాగేస్తుంది, అందుకే దాని మీద ఊదితే ఆవిరి పొర క్షణంలో మాయమవుతుంది. మోయిస్సనైట్ అనే కృత్రిమ రాయి కూడా అంతే చేస్తుంది, దుకాణాల్లోని చిన్న వేడి మీటర్లను సైతం బోల్తా కొట్టిస్తుంది. మీరు ఈ పరీక్షను మే నెల మధ్యాహ్నం పెట్టుకోండి. సిద్దిపేట ఎండలో ఏ రాయి మీదా ఆవిరి నిలవదు. గచ్చు మీది కంకర కూడా వజ్రమే అవుతుంది.

రంగురాళ్లకు పాలు. జాతి నీలాన్ని వేస్తే పాలు నీలంగా మారతాయని మనలో నమ్మకం ఉంది కదా. నీలంలో రంగు పుట్టేది స్ఫటికం లోపల ఇరుక్కున్న ఇనుము, టైటానియం వల్ల. అది పాలలోకి దిగదు. దిగిందంటే ఎవరో అద్దకం వేశారన్నమాట. చీర రంగు దిగితే దుకాణం మీదికి తగువుకు పోతాం, రాయి రంగు దిగితే కళ్లకద్దుకుంటాం. ముత్యానికీ పగడానికీ నిమ్మరసం వాడండి. రెండూ కాల్షియం కార్బనేట్, పులుపు తగిలితే బుడగలొచ్చి పైపొర కరిగిపోతుంది. ప్లాస్టిక్ పూస చెక్కుచెదరదు. పత్తర్‌గట్టీలో కొన్న దండను రాత్రంతా నానబెడితే మంచివన్నీ చెడిపోయి నకిలీవి మెరుస్తూ మిగులుతాయి. పరీక్ష ఫలితం మాత్రం నూటికి నూరుపాళ్లు సరైనదే.

గోల్కొండ రాజ్యపు గనుల దగ్గరి వ్యాపారులు వేరే తంతు నడిపేవారు. గోడలో గూడు తొలిచి, లావు వత్తి దీపం పెట్టి, రాత్రిపూట రాయిని ఆ వెలుగులో వేళ్ల మధ్య తిప్పేవారనీ, నీలి ఛాయ ఉందో లేదో తెలియాలంటే ఆకులు దట్టంగా ఉన్న చెట్టు నీడకు తీసుకుపోయేవారనీ పదిహేడో శతాబ్దంలో టావెర్నియర్ రాశాడు. కంటిని తర్ఫీదు చేసుకోవడానికి వాళ్లకు ఏళ్లు పట్టి ఉంటుంది. మన చేతిలో ఫోను టార్చి ఉంది.

ఇంట్లో ఉన్నవాటినీ మరవకండి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1891లో కొనబోయి కోర్టుకెక్కిన జాకబ్ వజ్రం 184 క్యారట్ల పైచిలుకు. తండ్రి పోయాక ఏడో నిజాంకు అది పాత చెప్పు ముందుభాగంలో దొరికిందనీ, దాన్ని పేపర్ వెయిట్‌గా వాడారనీ చెప్పుకుంటారు. 1995లో కేంద్ర ప్రభుత్వం నిజాం నగలతో పాటు దాన్నీ కొన్నది. కనుక నాన్నగారి పాత చెప్పులు విదిలించండి. తాలూకా ఆఫీసు రోజుల నాటి పేపర్ వెయిట్ ఉంటే బీరువా అద్దం మీద గీయండి. గాజు గాజును అంత తేలిగ్గా గీయదు గానీ, బలంగా నొక్కితే ఏదో ఒకటి పడుతుంది.

చివరగా ల్యాబు. 2023 అక్టోబరు నుంచి సిద్దిపేటకు రైలు కూడా ఉంది, పట్నం పోయి చూపించుకొమ్మంటారు బంధువులు. వాళ్లు లెన్సు కింద పెడతారు, కాంతి ఎంత వంగుతుందో కొలుస్తారు, ఇందాక మనం తీసేసిన నీటి తూకమూ తూస్తారు. తరువాత ‘క్వార్ట్జ్’ అని కాగితం మీద రాసిస్తారు. ఆ కాగితం చేతికొచ్చాక బీరువా అద్దం చెప్పిన సాక్ష్యం ఎవడూ వినడు. అమ్మకానికీ తీయకండి, కొనేవాడు తన పరీక్ష తాను చేసుకుంటాడు. ఎవరైనా అడిగితే ఇంకా రేటు కుదరలేదని చెప్పండి. పక్క వీధిలో ఇదివరకే రాయి దొరికినాయన కూడా అదే చెబుతున్నాడు.