పాటకి పడిపోయిన ల్యాప్‌టాప్

కంప్యూటర్లలో బయటపడ్డ లోపాలకి ప్రపంచం మొత్తమ్మీద ఒక చిట్టా ఉంది. అమెరికాలో మైటర్ అనే సంస్థ 1999 నుంచీ దాన్ని నడుపుతోంది. ఏ ప్రోగ్రాములో ఏ కన్నం ఉంది, అందులోంచి దొంగ ఎలా దూరగలడు అని ఒక్కోదానికీ ఒక్కో నంబరిచ్చి రాసిపెడతారు. నా ఉద్యోగమే సాఫ్ట్‌వేర్ భద్రత కాబట్టి జీతం కోసం చదువుతాను గానీ, లేకపోతే రెండో పేజీకి ఆవలింత గ్యారంటీ. అలాంటి చిట్టాలో సీవీఈ-2022-38392 అనే పద్దు కింద వైరస్ లేదు, హ్యాకరూ లేడు. జానెట్ జాక్సన్ పాట ఉంది. 1989లో వచ్చిన 'రిథమ్ నేషన్'.

ఇది నేను కనిపెట్టింది కాదు. మా బాబాయి పంపిన లింకు.

బాబాయి కాకినాడలో ఉంటాడు. కరెంటాఫీసులో రిటైరయ్యాక లింకులు పంపడాన్ని ఉద్యోగంగా పెట్టుకున్నాడు. తెల్లారుజామున సుప్రభాతంతో పాటే మొదలుపెడతాడు. బంగారం ధర, చైనా చిప్పులు, బాలమురళి పాత కచేరీ, ఎవరి పాస్‌వర్డులో పోయాయన్న వార్త, అమెరికా వీసాల గొడవ, అన్నీ ఒకే ఊపులో వచ్చిపడతాయి. అన్నిటి కిందా ఒకటే వ్యాఖ్యానం: "చూడు." కంప్యూటర్లకి సంబంధించి భూమ్మీద ఎక్కడ ఏ నేరం జరిగినా అందులో నాకు ఎంతో కొంత పాత్ర ఉందని ఆయన గట్టి నమ్మకం.

ఈ లింకు తర్వాత మాత్రం ఫోనే చేశాడు.

"ఒరే, దీక్షితార్ ఎట్టయాపురంలో అమృతవర్షిణి పాడితే వానొచ్చిందంటే కాకతాళీయం అన్నావా లేదా?"

"అన్నాను బాబాయ్."

"ఇప్పుడు దొరగారే పాటకి నంబరిచ్చాడు. ఇక నమ్ముతావా?"

సంగతి ఏమిటంటే, మైక్రోసాఫ్ట్‌లో రేమండ్ చెన్ అనే ఇంజనీరు, తోటి ఉద్యోగి ఒకరు చెప్పిన పాత కథని 2022 ఆగస్టులో బయటపెట్టాడు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఓ పెద్ద కంపెనీ ల్యాప్‌టాప్‌లు కొన్ని ఈ పాట వీడియో పెట్టగానే చచ్చి ఊరుకునేవట. కంపెనీ వాళ్ళు పోటీదారుల ల్యాప్‌టాప్‌లు తెచ్చి వాటిలోనూ పెట్టి చూశారు. వాటిలోనూ కొన్ని పోయాయి. ఇంతవరకూ ఏ కంపెనీకైనా ఊరటే. కానీ తర్వాత ఇంకోటి తేలింది. ఒక ల్యాప్‌టాప్‌లో పాట పెడితే, పక్కనే ఏ పాటా పెట్టకుండా తన పని తాను చేసుకుంటున్న రెండో ల్యాప్‌టాప్ పడిపోయింది.

ఆ ల్యాప్‌టాప్‌ల హార్డ్ డిస్కులో పళ్ళెం నిమిషానికి 5400 సార్లు తిరిగేది. అంటే సెకనుకి 90 చుట్లు. దాని మీద వెంట్రుకవాసిలో వెయ్యో వంతు కూడా లేని ఎడంలో చదివే ముల్లు తేలుతూ ఉంటుంది. ప్రతి వస్తువుకీ తనకి నచ్చిన కంపనం ఒకటుంటుంది. సరిగ్గా ఆ శబ్దమే తగిలితే అది వద్దన్నా ఊగుతుంది. ఈ పాటలోని ఒకానొక స్వరం ఆ రకం డిస్కులకి అలా నచ్చింది. ఊగాయి, చదవాల్సింది చదవలేకపోయాయి, మెషీను కూలిపోయింది.

కంపెనీ వాళ్ళు డిస్కుల జోలికి పోకుండా పాటనే సరిచేశారు. స్పీకరుకి వెళ్ళే దారిలో ఒక జల్లెడ పెట్టి ఆ ఒక్క స్వరాన్నీ వడకట్టేశారు. ఆ జల్లెడ ఎందుకు పెట్టారో మరిచిపోయి, నేటికీ దాన్ని మోస్తూనే ఉంటారేమో అని చెన్ అనుమానం. నాకైతే అనుమానం కూడా లేదు. తద్దినం నాడు పిల్లి అడ్డొస్తోందని ఒకాయన దాన్ని గంప కింద మూస్తే, ఆయన మనవడు తద్దినం పెట్టడానికి పక్క ఊళ్ళో పిల్లిని అద్దెకి తెచ్చుకున్నాడని కథ. మా ఆఫీసు కోడులో అలాంటి పిల్లులు గంపల కింద చాలా ఉన్నాయి. ఒక్కోదాని మీదా "దీన్ని ముట్టుకోవద్దు" అని చీటీ. రాసినవాడు కెనడాలో స్థిరపడ్డాడు.

డిస్కుని తడబడేలా చెయ్యడానికి పాటే అక్కర్లేదు, అరుపు చాలు. సన్ మైక్రోసిస్టమ్స్‌లో బ్రెండన్ గ్రెగ్ అనే ఇంజనీరు 2008 చివర్లో డిస్కుల బీరువా ముందు నిలబడి, మొహం దగ్గరగా పెట్టి గావుకేక వేశాడు. కేక వేసినప్పుడల్లా డిస్కుల పని నెమ్మదించడం కంప్యూటర్ తెర మీద గ్రాఫులో స్పష్టంగా కనబడింది. అరిస్తే పని జరగదని శాస్త్రీయంగా రుజువైన సందర్భం ఇదొక్కటే నాకు తెలుసు. ఆ కేక వీడియోని మా ఆఫీసు గ్రూపులో పెట్టాను. మేనేజరు పేరు పక్కన నీలి టిక్కులు పడ్డాయి గానీ జవాబు రాలేదు. మనిషి అరుపు కూడా అక్కర్లేదు, ఉత్త మోతైనా చాలు. 2016 సెప్టెంబరులో బుకారెస్ట్‌లో ఐఎన్‌జీ బ్యాంకు అగ్నిప్రమాదం వస్తే ఎలా అని రిహార్సల్ చేసింది. మంటలార్పే గ్యాసు గొట్టాల్లోంచి బయటికొచ్చిన మోతకే డిస్కులు దెబ్బతిని, కార్డులూ ఏటీఎంలూ పది గంటల దాకా పనిచెయ్యలేదు. నిప్పు మాత్రం ఎక్కడా లేదు.

ఇదంతా విన్నాక బాబాయి కాస్త మెత్తబడి, "అయితే పాటల్లో దుర్మార్గపు పాటలు కూడా ఉంటాయంటావు" అన్నాడు.

"పాటలు కాదు బాబాయ్, పాటలమ్మేవాళ్ళు."

2005లో సోనీ బీఎంజీ కంపెనీ తన సీడీలని జనం కాపీ కొడుతున్నారని బెంగపెట్టుకుని, కొన్ని సీడీల్లో పాటలతో పాటు ఒక రహస్య కాపలావాణ్ణి పెట్టి అమ్మింది. సీడీని విండోస్ కంప్యూటర్‌లో పెడితే ఆ ప్రోగ్రాము లోపలికి దిగి, తన జాడ ఎవరికీ కనబడకుండా దాక్కునేది. ఇలా దాక్కునేదాన్ని రూట్‌కిట్ అంటారు. మార్క్ రసినోవిచ్ అనే నిపుణుడు సొంత కంప్యూటర్‌లో దీన్ని పట్టుకుని అక్టోబరు 31న లోకానికి చెప్పాడు. ఆయన ఆ సీడీని దొంగతనంగా తెచ్చుకోలేదు, డబ్బు పెట్టి కొనుక్కున్నాడు. దొంగ సీడీ కొన్నవాడికి ఏ బాధా లేదు. దొరలా కొన్నవాడి ఇంట్లోకే కాపలావాడు దూరాడు.

ఆ కాపలావాడి తెలివి చూడండి. డాలరు గుర్తు, 'సిస్' అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలు, మళ్ళీ డాలరు గుర్తు: ఇలా మొదలయ్యే పేరు ఎవరు పెట్టుకున్నా వాళ్ళని కూడా దాచిపెట్టేవాడు. నవంబరు దాటకుండానే వైరస్‌లు రాసేవాళ్ళు తమ సరుకుకి ఆ పేర్లు పెట్టేసుకున్నారు. వీడియో గేముల్లో మోసం చేసే కుర్రాళ్ళూ అదే గొడుగు కిందికి చేరారు. రూట్‌కిట్ అంటే ఏమిటో చాలామందికి తెలియనే తెలియదు, ఇక బాధెందుకని కంపెనీ పెద్ద ఒకాయన రేడియోలో అన్నాడు. తొలగించుకోవడానికి ఒక ప్రోగ్రామిస్తే, అది అంతకన్నా పెద్ద కన్నం పెట్టింది. చివరికి ఆ కాపలావాడి లోపల, లైసెన్సు షరతులు పాటించకుండా ఎత్తుకొచ్చిన వేరేవాళ్ళ కోడు ఉందని కూడా తేలింది. సీడీలు వెనక్కి తీసుకున్నారు, కేసులు పడ్డాయి. పాడైన కంప్యూటర్‌కి 150 డాలర్ల దాకా ఇవ్వడానికి 2007లో అమెరికా ప్రభుత్వంతో రాజీ కుదిరింది.

అంతకుముందు ప్రయత్నాలు ఇంకా ముద్దుగా ఉండేవి. 2002లో ఒక రకం తాళం వేసిన సీడీలొస్తే, అంచు చుట్టూ స్కెచ్ పెన్నుతో గీత గీస్తే తాళం ఊడిపోతుందని జనం కనిపెట్టారు. 2003లో ఇంకో తాళానికి విరుగుడు షిఫ్టు కీ నొక్కిపట్టడం. ఆ మాట రాసినందుకు ప్రిన్స్‌టన్ విద్యార్థి అలెక్స్ హాల్డర్‌మన్ మీద కేసు పెడతామని తాళం కంపెనీ కళ్ళెర్రజేసి, లోకం నవ్వడంతో వెంటనే వెనక్కి తగ్గింది.

"క్యాసెట్టుకి ఈ రోగాలేం లేవు," అన్నాడు బాబాయి. "టేపు చుట్టుకుపోయేది. పెన్సిలుంటే సరిపోయేది."

ఆయన్ని సంతోషపెట్టిన కథ మాత్రం జో ఎంగ్రెసియాది. అమెరికాలో పుట్టుగుడ్డి కుర్రాడు. శ్రుతి ఎంత శుద్ధమంటే నోటితో 2600 హెర్ట్జ్ ఈల వేసేవాడు. అప్పటి టెలిఫోన్ ఎక్స్‌చేంజి ఆ స్వరం వినగానే లైను ఖాళీ అయిందనుకుని, తర్వాత కలిపే దూరపు కాల్‌కి డబ్బు లెక్కెయ్యడం మానేసేది. తర్వాత ఆ స్వరం పలికే పెట్టెలు తయారుచేసి అమ్మినవాళ్ళలో, తర్వాత్తర్వాత యాపిల్ కంపెనీ పెట్టిన స్టీవ్ జాబ్స్, వోజ్నియాక్ ఉన్నారు. బాబాయి కొంతసేపు మాట్లాడలేదు. విజయవాడకి ట్రంక్ కాల్ బుక్ చేసి పూటంతా పోస్టాఫీసు బల్ల మీద కూర్చున్న తరం ఆయనది. "శ్రుతి ఉన్నవాడికి ట్రంక్ కాల్ ఫ్రీ!" అన్నాడు చివరికి. "మాకెవరూ చెప్పలేదురా."

"మరి ఇప్పుడు నీ ల్యాప్‌టాప్ ముందు పాడితే?" అన్నాడు మళ్ళీ.

"ఏం కాదు బాబాయ్. ఇప్పటి వాటిలో తిరిగే పళ్ళెం లేదు, అంతా చిప్పులే. ఏ పాటకీ కదలవు."

"నాకు తెలుసు. ఈ కాలం వాటికి సంగీతజ్ఞానం లేదు," అని ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం పిన్ని ఫోన్ చేసింది. "ఏరా, మీ బాబాయికి ఏం చెప్పావు? అటక మీదున్న పాత ల్యాప్‌టాప్ దింపించి, దాని ముందు కూర్చుని మధ్యాహ్నం నుంచీ ఖరహరప్రియ పాడుతున్నారు. అది నిక్షేపంలా ఉంది. పక్కింటాయన రెండుసార్లు వచ్చి వెళ్ళాడు."