లండన్ బస్సు బొమ్మ కింద బర్గరు

మా కోలారు బంగారు గనుల ఊళ్లో, అదే కేజీఎఫ్‌లో, రాబర్ట్‌సన్‌పేట వైపు కొత్త కేఫే తెరిచారని మా మనవడు ఒకటే గోల. "వెస్టర్న్ ఫుడ్డు తాతా, మనూరికి ఇప్పుడొచ్చింది" అంటాడు. ఇప్పుడొచ్చిందట! 1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ బంగారం తవ్వడానికి దిగినప్పటి నుంచీ ఇది సగం దొరల ఊరే. కావేరి మీద శివనసముద్రంలో కరెంటు పుట్టిస్తే 1902లో ఆ తీగలు నేరుగా మా గనులకొచ్చాయి. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905లో. గోల్ఫు మైదానం, క్లబ్బు, బంగళాలు, కార్న్‌వాల్ నుంచి ఓడెక్కి వచ్చిన గని మేస్త్రీలు. లిటిల్ ఇంగ్లండ్ అని ఊరికే అనలేదు.

అదంతా మంచి కాలమని నేననడంలేదు. దొరల క్లబ్బులోకి మావాళ్లు పోయింది ట్రే పట్టుకునే. మూడు కిలోమీటర్ల పైచిలుకు లోతుకి, ఆ ఉడుకులోకి, దిగేవాడు సంగటి తిని దిగేవాడు. కానీ దొర వంటింట్లో పనిచేసినవాడికి చేతులుంటాయి, నాలుకా ఉంటుంది. ఆ వంట గోడ దూకి మా కూలీల లైన్ల దాకా రానే వచ్చింది.

మా పక్కన ఒక ఆంగ్లో ఇండియన్ ఆంటీ ఉండేది. క్రిస్మస్‌కి ఆవిడ ఇంటి నుంచి పళ్లెం వచ్చేది. కుల్‌కుల్సు, గులాబీ పువ్వులు అనే పిండివంటలు, అడుగున కట్లెట్లు. ఆ కట్లెట్లు ఆవిడ చేస్తుంటే కిటికీలోంచి చూసేవాణ్ని. ఖైమాని అల్లం, పచ్చిమిరపకాయలతో నీరింకేదాకా వేయించి, ఉడికిన ఆలుగడ్డ మెదిపి కలిపి, అరచేతిలో వత్తి, గుడ్డు సొనలో ముంచి, ఎండిన బ్రెడ్డు పొడిలో దొర్లించి పెనం మీద వేసేది. అంచు ఎర్రబడేదాకా తిప్పేది కాదు. తొందరపడితే విరుగుతుందనేది. ఇప్పుడు బన్ను మధ్యలో పెట్టి ప్యాటీ అంటున్నది ఏమిటయ్యా? ఆ కట్లెట్టే కదా, అల్లం పోయి, ఆంటీ పోయి.

బన్ను సంగతికొస్తే అదీ మాకు కొత్త కాదు. 1898లో బెంగళూరు చిక్కపేటలో మొదలైన అయ్యంగారు బేకరీల పద్ధతి మా వైపు పల్లెల దాకా పాకింది. మైదా దొరదే గానీ, అయ్యంగారు అందులో పచ్చిమిరపకాయ, కొత్తిమీర, ఉల్లిపాయ కొట్టి ఖారా బన్ను చేశాడు. మధ్యకి కోసి, వెడల్పు కత్తితో వెన్న పూసి, కాగితం ముక్కలో పెట్టి ఇచ్చేవాడు. నిలబడి తినడం, టీ తాగడం, చిల్లర ఇచ్చి పోవడం. మెనూ చూడటానికి ఫోను ఎవడికి కావాలి?

మనవడు వదలడు గనక వెళ్లాను. బర్గరు నడుమ గుచ్చిన కట్టెపుల్ల తీయగానే పై బన్ను ఒక పక్కకి, ఆకు ఇంకో పక్కకి. నోరు ఎంత తెరిచినా పట్టదు. సాసు పొట్లం నా చేతికి చిరగలేదు, పళ్లతో చించితే చొక్కా మీద పడింది. బిల్లు నూట ఎనభై. టమాటా ముక్క ఒక్కటే, వెనక వెలుతురు కనిపించేంత పల్చన.

ఇక్కడే నాకు మండింది. కోలారు జిల్లాలో కూచుని టమాటాకి పిసినారితనమా! దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి కోలారుది. 2023 జులైలో 15 కిలోల పెట్టె రెండు వేలు దాటినప్పుడు, ఉత్తరాదిలో మెక్‌డొనాల్డ్స్ వాళ్లు బర్గరులోంచి టమాటానే తీసేశారు. ఆ నెల మా వైపు రైతులు కొందరు కాస్త తలెత్తుకున్నారు. ఆ ధర ఎన్నాళ్లుంటుంది? పడిందంటే కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోసేదీ వీళ్లే. పొట్లంలో సాసు ధర మాత్రం ఎప్పుడూ తగ్గిన పాపాన పోలేదు.

అన్నట్టు, బయటి తిండి తినాలనిపిస్తే బంగారుపేట పానీపూరి లేదా? నీళ్లు చూస్తే మంచినీళ్లలా తెల్లగా ఉంటాయి, నోట్లో పోసుకుంటే కళ్లలోంచి కారతాయి. దానికోసం బెంగళూరు నుంచి జనం వస్తుంటే మా మనవడికి అది "లోకల్" అట.

తిట్టి తిట్టి ఆగుతాను, ఎందుకంటే ఆ కేఫేలో కూచున్న పిల్లలెవరో నాకు తెలుసు. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడ్డాక వీళ్ల నాన్నలకి పని పోయింది. వీళ్లు తెల్లారకముందే మారికుప్పం, ఛాంపియన్, ఊరుగాం, కోరమండల్ స్టేషన్లలో రైలెక్కి బెంగళూరు పోతారు, రాత్రికి దిగుతారు. మిగిలినవాళ్లు నరసాపురలో జపాను వాళ్ల హోండా బళ్లు బిగిస్తారు, పక్కన ఐఫోన్లు బిగిస్తారు. దొర మారాడు, షిఫ్టు మారలేదు. ఆదివారం సాయంత్రం చల్లని గదిలో రెండు గంటలు కూచోవాలనుకుంటే వద్దనడానికి నేనెవణ్ని? దొరల క్లబ్బులో ఆపినట్టు ఇక్కడ తలుపు దగ్గర ఎవరూ ఆపరు, అదొక్కటి ఒప్పుకుంటాను.

కానీ ఆ గోడ! ఈఫిల్ టవరు, ఎర్ర లండన్ బస్సు, న్యూయార్కు మేడలు. కిటికీ తెరిస్తే గనులు మిగిల్చిన సైనైడు దిబ్బలు కనిపించే ఊళ్లో లండన్ బస్సా? సినిమావాళ్లు 2018లో మా ఊరి పేరు అమ్ముకుని దేశమంతా ఆడించారు, మా ఊరి కేఫేకి ఆ బుద్ధి లేదు. ఓనరుకి చెప్పొచ్చాను: ఆ బస్సు తీసి ఛాంపియన్ రీఫు గని షాఫ్టు ఫోటో పెట్టు నాయనా, ప్యాటీలో కాస్త అల్లం వెయ్యి, నూట ఎనభై నేనే ఇస్తాను. "చూద్దాం అంకుల్" అన్నాడు. నన్ను అంకుల్ అన్నందుకు మనవడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.