తలకింది దిండు ఆత్మకథ

నన్ను చూసి యంత్రమని ఎవరూ అనుకోరు. ఎమ్మారై గదిలో రోగి తలకింద పెట్టే మెత్తటి దిండును నేను. నాకున్న పొడవాటి ప్లాస్టిక్ గొట్టం గోడ దాటి, బయట ఉన్న పెట్టె దాకా పోతుంది. ఆ పెట్టె గాలిని ఊపుతుంది. ఆ ఊపు అందుకుని నేను సెకనుకు దాదాపు 60 సార్లు వణుకుతాను. నాతోపాటు నా మీద ఉన్న తలా, తలలోని మెదడూ వణుకుతాయి. మెదడు కదిలేది మైక్రాన్లలోనే. పడుకున్నవారికి తల సన్నగా అదిరినట్టు తెలుస్తుంది, నొప్పి ఉండదు.

మా వంశం అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రం రోచెస్టర్‌లోని మేయో క్లినిక్‌లో మొదలైంది. వణుకు పుట్టించి, ఆ అలలను ఎమ్మారైతో చూడవచ్చని 1995లో ‘సైన్స్’ పత్రికలో వ్యాసం వచ్చింది. అందులో మొదటి పేరు ముత్తుపిళ్లైది, చివరి పేరు రిచర్డ్ ఎహ్మన్‌ది. ఆ పద్ధతికి మాగ్నెటిక్ రెసొనెన్స్ ఎలాస్టోగ్రఫీ అని పేరు పెట్టారు.

నేనెందుకు కావలసి వచ్చానో చెప్పాలి. పొట్ట నొక్కి చూసి కాలేయం గట్టిపడిందని డాక్టరు చెప్పగలడు. మెదడును అలా తడిమి చూడటానికి పుర్రె అడ్డం. చనిపోయినవారి మెదడును బయటికి తీసి కొలిచారు కానీ, రక్తం ఆగిన కణజాలం గుణమే మారిపోతుంది. ఒక ప్రయోగశాల లెక్క ఇంకో ప్రయోగశాల లెక్కతో కలవలేదు. జున్నులాంటి ఆ మెత్తని అవయవాన్ని, బతికుండగా, పుర్రె తెరవకుండా తడిమే పని నాకు దక్కింది. అందుకు నాకు గర్వమే.

అల గట్టిచోట వేగంగా, మెత్తనిచోట నిదానంగా పోతుంది. యంత్రం నా వణుకుతో లయ కలిపి బొమ్మలు తీసి, గట్టిదనాన్ని కిలోపాస్కల్స్‌లో లెక్కగడుతుంది. వయసుతోపాటు మెదడు మెత్తబడుతుందని 2009లో బెర్లిన్ పరిశోధకులు చూపించారు. అల్జీమర్స్ వచ్చినవారి మెదడు ఇంకా మెత్తగా ఉంటుందని 2011లో మేయో వాళ్లు చూశారు. మెదడు పొరల్లో పుట్టే మెనింజియోమా గడ్డ మెత్తనిదైతే పీల్చి తీయవచ్చు, రాయిలా ఉంటే ఆపరేషన్ గంటలకొద్దీ సాగుతుంది. ఆ సంగతి కత్తి పట్టకముందే సర్జన్‌కు తెలియడం చిన్న మేలు కాదు.

పొట్ట మీద పెట్టే గుండ్రటి బిళ్ల మా అన్న. కాలేయ పరీక్షకు 2009లోనే అమెరికాలో అనుమతి వచ్చింది కాబట్టి వాడికి రోజూ పనే. నాది ఇంకా ఎక్కువగా పరిశోధనల బతుకు. అధ్యయనం నడిచినన్నాళ్లూ ఆదరించారు. అది ముగిశాక నన్ను అలమరలోకి తోశారు, పైన బరువైన కాయిల్స్ పేర్చారు. నా గొట్టం మడతపడి, ఆ మడత దగ్గరే చీలింది. నెలల తరబడి ఎవరూ తలుపు తీయలేదు. ఓ రోజు అవసరం పడి గొట్టం పట్టుకుని బయటికి లాగారు, దుమ్ము దులిపి ఎవరో పెద్దావిడ తలకింద పెట్టారు. గాలి కారిపోతోంది. నా వణుకు మెదడు నడిమికి చేరకముందే ఆరిపోయింది. అయినా తెరమీద రంగుల బొమ్మ వచ్చింది, అందరూ దాన్నే చూశారు. నావైపు చూసినవారు లేరు.

నన్ను పారేసినా ఓర్చుకుంటాను. ఆ బొమ్మను తలచుకుంటేనే కడుపు తరుక్కుపోతుంది. అలలో సత్తువ లేకపోతే లెక్క తక్కువవైపు జారుతుంది, బాగున్న మెదడే మెత్తబడినట్టు కనిపించవచ్చు. నా చీలికను ఆవిడ జబ్బుగా చదివితే ఆ ఇంటి గతేమిటి?

టెక్నీషియన్ బాబులూ, అమ్మలూ, నన్ను గొట్టం పట్టి లాగకండి. వాడేముందు జెల్ నమూనా మీద ఒకసారి పెట్టి చూడండి. అల బలంగా రాని రోజున ఆ సంఖ్యను రిపోర్టులో రాయకండి.