వసారా గోడమీది పటము – ఆత్మకథ

నేనొక పటమును. క్షేత్రయ్య పదములలో మువ్వగోపాలుడై ప్రసిద్ధికెక్కిన వేణుగోపాలస్వామి వెలసిన మొవ్వ గ్రామమున, ఒక ఉన్నత పాఠశాల వసారా గోడకు, ఏడవ తరగతి పిల్లల కన్నుల ఎత్తున నన్ను తగిలించిరి. నాలో నదులును పర్వతములును లేవు. ఉన్నవెల్ల గదులు, తలుపులు, మెట్లు, గేట్లు, వాని నడుమ రంగురంగుల బాణపు గుర్తులు. నిప్పంటుకొన్నను, భూమి కంపించినను, ఉప్పెన హెచ్చరిక వచ్చినను, పిల్లలు ఏ త్రోవను ఎచటికి పోవలెనో ముందుగా చెప్పియుంచుటయే నా పని.

నన్ను గీయబూనినప్పుడు డ్రాయింగు మాష్టారు మొదట కంప్యూటరులో ఉపగ్రహ చిత్రమును తెరచి, దానిని బట్టి ఆవరణ హద్దులు వేసికొనిరి. ఆకాశమునుండి చూచు కంటికి డాబాలు కనబడును, చెట్లు కనబడును, పంటకాలువ కనబడును. మెట్ల వెడల్పు గాని, లోపలికి తెరచుకొను తలుపు గాని, తుప్పుపట్టి కదలని గడియ గాని కనబడవు. కావున ఆయన ఎనిమిదవ తరగతి పిల్లల చేతికి టేపును సుద్దముక్కలను ఇచ్చి గదిగదికి పంపిరి. వారు తెచ్చిన సమాచారములో పెద్దలు గమనింపనివి పెక్కులుండెను.

"మాష్టారూ, వెనక గేటుకి ఎప్పుడూ తాళమేనండీ. తాళంచెవి ఆయమ్మ దగ్గరుంటుంది. ఆవిడ మధ్యాహ్నం వంటకాగానే ఇంటికెళ్ళిపోతుంది" అని ఒక బాలిక చెప్పెను.

మాష్టారు ఆ గేటువైపు వేసిన బాణమును రబ్బరుతో చెరిపి, ఆ బాలికను వెంటబెట్టుకొని హెడ్మాస్టరుగారి గదికి పోయిరి. బడి జరుగు వేళలలో ఆ గేటునకు తాళముండరాదు, గడియ మాత్రమే ఉండవలెనని నిశ్చయమైన పిమ్మటనే బాణము మరల నామీదకు వచ్చెను. నేనింకను పూర్తిగా రూపుదాల్చకమునుపే ఒక తాళము ఊడినదన్న తృప్తి నాకు నేటికిని కలదు.

తాళమును గూర్చి ఇంతగా చెప్పుటకు కారణమున్నది. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణమున ఒక పాఠశాలలో మధ్యాహ్న భోజనపు వంటశాలనుండి లేచిన నిప్పు పూరికప్పునకు అంటుకొనగా, ఇరుకైన మెట్లు తప్ప వేరు త్రోవ లేని ఆ కట్టడములో 94 మంది పసివారు మరణించిరి. తదనంతరము దాఖలైన వ్యాజ్యములో 2009 ఏప్రిల్ నెలలో సుప్రీంకోర్టు, సురక్షితమైన బడిలో చదువుకొనుటయు విద్యాహక్కులో భాగమేయని తీర్పు చెప్పెను. వంటగదిని, గ్యాసు సిలిండరుండు చోటును నామీద ఎర్రరంగుతో గుర్తించి, ఏ బాణమును దాని ముంగిటినుండి పోనీయకుండుట ఆ పసివారిని తలచుకొనియే.

అయినను ఈ సీమలో పుట్టిన పటమునకు నిప్పొక్కటే భయము కాదు. 1864 నవంబరు 1 నాటి ఉప్పెన బందరు ప్రాంతమున సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకొనెను. 1977 నవంబరు 19 నాటిది దివిసీమలో వేలకొలది ప్రాణములను హరించెను. ఆ రాత్రిని తలచుకొని నేటికిని కంటతడి పెట్టు వృద్ధులు ఈ చుట్టుపట్ల నున్నారు. 1990 మే నెలలో అంతటి తుపానే కృష్ణా ముఖద్వారమున తీరము దాటినను, లక్షన్నరకు పైగా జనులను ముందుగా తరలించుటచేత, మృతుల సంఖ్య వేయికి లోబడియుండెను. గాలి బలము తగ్గుటచేత గాక, వేళకు కబురందుటచేతను, వేళకు కదలుటచేతను, తలదాచుకొన గట్టి కట్టడములుండుటచేతను అంతమంది బ్రతికిరి.

ఇందుచేతనే నాలో ఎదురెదురు త్రోవలు రెండున్నవి. నిప్పు పుట్టినచో క్రిందికి దిగి వెలుపలికి పోవలెను. నీరు వచ్చినచో లోనికి వచ్చి పైకి ఎక్కవలెను. మొదటిదానికి ఆకుపచ్చ బాణములు, రెండవదానికి నీలి బాణములు. భూకంపమునకు మాత్రము మొదట బల్లక్రింద దూరి తల కాచుకొని, కదలిక ఆగిన పిదప ఆకుపచ్చ త్రోవను పట్టవలెను. తుపాను హెచ్చరిక వచ్చినంతనే బడికి సెలవిచ్చి, గ్రామస్థుల కొరకు ఈ మేడనే పునరావాస కేంద్రముగా తెరచెదరు గనుక, నీలి త్రోవ ఊరందరిది. ముసలి నాయనమ్మ చేయిపట్టి మేడమీదికి ఎక్కించువాడు ఆ త్రోవ నెరిగిన మనుమడే కావలెను.

నా ఒంటిమీద ఒక ఎర్రచుక్క, దాని ప్రక్క 'మీరు ఇక్కడ ఉన్నారు' అన్న అక్షరములు కలవు. నా యెదుట నిలిచిన పిల్ల ఎడమచేయి చాచినచో, నాలోని ఎడమవైపు బాణమును ఆ దిక్కునే చూపును. ఉత్తరము పైకుండవలెనన్న భూగోళ నియమమును ఇచట పాటింపరు. పొగలో దగ్గుచున్న పిల్లకు దిక్కులు లెక్కించు తీరికెక్కడిది? అందుచేత ప్రతి వసారాకును, అచ్చట నిలిచి చూచువారికి అనువుగా, వేరుపటమును గీసిరి.

అయితే నన్ను చూచినంతమాత్రమున చాలదు. సమీపముననే యున్న కూచిపూడిలో పిల్లలు అడుగులను పుస్తకము చూచి నేర్చుకొనరు గదా. గురువు చెంత కాళ్ళు నొచ్చునంతవరకు వేసి నేర్తురు. నాలోని త్రోవయు అట్లే కాళ్ళకు రావలెను. తొలి డ్రిల్లునాడు గంట ఎడతెగక మ్రోగగా, మెట్లకు దగ్గరి తరగతి ముందు, దూరపు తరగతి వెనుక, తోపులాట లేక కదలిరి. మూడుచక్రముల బండిపై వచ్చు బాలుడొకడు మాత్రము బాణము చూపిన మెట్లకడ ఆగిపోయెను. మరునాడే అతనికై ర్యాంపుమీదుగా వేరొక బాణమును, అతనికి తోడుపోవు ఇరువురు మిత్రులను ఏర్పరచిరి. కరెంటు తీగలకు దూరముగా మైదానమున చేరిన పిదప టీచర్లు హాజరు పట్టీ తెరచి, పేరుపేరునా పిలిచి, అందరును వచ్చిరని తేలినగాని డ్రిల్లు ముగింపలేదు. కొత్తగది కట్టినప్పుడెల్ల, తలుపు మూసినప్పుడెల్ల నన్ను దిద్దుచునే యున్నారు.

అయ్యా, అమ్మా, మీ బిడ్డ చదువు బడికి ఈ వారము తప్పక ఒకసారి పోయిరండు. ఇట్టి పటము గోడమీద నున్నదా, దానిలోని త్రోవను పిల్లలు కడపట ఎప్పుడు నడచిరి, వెనుక గేటు తాళంచెవి ఎవరి వద్ద నున్నది అని అడుగుడు. సమాధానము రాకున్న, వచ్చువరకు అడుగుడు.