కార్బొరేటర్ మార్చండి, మిగతాది తర్వాత చూద్దాం

బండి ఆగిపోయిందా? తప్పు కార్బొరేటర్‌ది. ప్లగ్గు చూడకముందే, పెట్రోలు ఉందో లేదో తెలియకముందే ఈ తీర్పు చెప్పేయాలి. పాతబస్తీలో ఆటో ఆగితే నిమిషంలో నలుగురు పోగవుతారు. ఇద్దరు "కార్బేటర్ మే కచరా" అంటారు. మూడోవాడు తలూపుతాడు. నాలుగోవాడు చాయ్ తాగుతుంటాడు, వాడి మౌనం అంగీకారమే. ఇంత ఐకమత్యం మన దగ్గర ఇంకే విషయంలోనూ కుదరదు. దాన్ని చెడగొట్టకండి.

ఈ సలహాలు చెప్పడానికి నాకేం అర్హత అంటారా? లాల్‌దర్వాజాలో మా ఇంటి ముందు ఒక టూ స్ట్రోక్ బజాజ్ ఆటో ఉంది. మా బావమరిది బాకీ కింద ఇచ్చిపోయాడు. ఇంజను వెనక ఉండే రకం. బజాజ్ వాళ్లు ఇంజనును వెనక్కి తెచ్చింది 1977లో. అంతకుముందు ఆటోలు ముందు నుంచి మొరాయించేవి, ఆ తర్వాత వెనక నుంచి మొరాయించడం నేర్చాయి. ఒక్క ఏడాదిలో మూడు కార్బొరేటర్లు మార్చాను. మీలో ఎవరైనా ఇంతకంటే ఎక్కువ మార్చి ఉంటే ఇక్కడితో చదవడం ఆపేయండి, నేనే మీ దగ్గరికి వస్తాను.

నా బండిని నేను ఆఫ్‌రోడ్డు బండి అంటాను. ఆ మాటకు అర్హత కావాలంటే గుట్టలు, అడవులు ఉండాలని కొందరు అనుకుంటారు. శాలిబండ నుంచి అలియాబాద్, ఇంజన్‌బౌలి మీదుగా ఫలక్‌నుమా దాకా పైపు తవ్వకాలు జరుగుతున్నప్పుడు ఒకసారి రండి. హోండా కంపెనీ 1970లో అమెరికాలో ఇసుకలో, బురదలో తిరగడానికని లావు టైర్ల మూడు చక్రాల బండి ఒకటి దించింది. అవి పల్టీలు కొడుతున్నాయని గోల లేచి, 1988లో కొత్తవి అమ్మడం మానుకోవాల్సి వచ్చింది. ఒక్కడు కూర్చునే బండి పల్టీ కొట్టక ఏం చేస్తుంది? మనవాళ్లలాగా ఎనిమిది మందిని ఎక్కించి ఉంటే బరువుకు కదిలేదే కాదు.

సరే, కార్బొరేటర్ అంటే ఏమిటో రెండు ముక్కలు. ఎక్కువ తెలుసుకుంటే చేతులు వణుకుతాయి. అదొక గొంతు. మధ్యలో సన్నబడుతుంది. ఇంజను గాలిని పీల్చినప్పుడు ఆ ఇరుకులో గాలి వేగం పెరుగుతుంది, అక్కడ ఒత్తిడి పడిపోతుంది. కింద గిన్నెలో ఉన్న పెట్రోలు జెట్టు అనే సన్నని బెజ్జంలోంచి పైకి లేచి తుంపరై గాలిలో కలుస్తుంది. కిలో పెట్రోలుకు సుమారు పదిహేను కిలోల గాలి కావాలట. గిన్నెలో ఫ్లోటు తేలుతూ, మట్టం పెరగగానే సూదిని పైకి నొక్కి పెట్రోలును ఆపుతుంది, మన మేడమీద నీళ్ల ట్యాంకులో బంతి ఆపినట్టే. ఆ గిన్నెలోకి పెట్రోలు తోసే పంపు మా బండిలో లేదు. పైన ట్యాంకులోంచి దాని బరువుకు అదే దిగాలి. ఈ చివరి ముక్క అనవసరం, ఏదో నోటికొచ్చి చెప్పాను.

మొదటి జాగ్రత్త వానాకాలానిది. కిందటి బోనాలప్పుడు తడిసిన బండి రెండు రోజులు కదల్లేదు, పెట్రోల్లో నీళ్లు కలిశాయి. ఎక్కణ్నుంచి వచ్చాయా అని చూస్తే ట్యాంకు మూత మీద ఆవగింజంత బెజ్జం కనిపించింది. కంపెనీవాళ్లు ఎంత నిర్లక్ష్యంగా ఉంటారో చూడండి. వెంటనే ఎం-సీల్ పిసికి దాన్ని నున్నగా మూసేశాను. ఆ తర్వాత చుక్క నీరు దిగలేదు. మీరూ మూసేయండి. పది రూపాయల పని.

విచిత్రంగా, సరిగ్గా ఆ వారం నుంచే కార్బొరేటర్ పాడవడం మొదలైంది. ఇంటి దగ్గర లివర్ లాగగానే పలుకుతుంది. శాలిబండ దాటుతుంది. ఇంజన్‌బౌలి దగ్గరికి రాగానే రెండు ఎక్కిళ్లు పెట్టి ఆగిపోతుంది. ఊరి పేరులోనే ఇంజను ఉంది కదా, గౌరవం కొద్దీ ఆగుతోందేమో అనుకున్నాను మొదట్లో. దానికి నేను కనిపెట్టిన వైద్యం ఇది: దిగండి. పెట్రోలు ఉందో లేదో ట్యాంకు మూత తిప్పి చూసుకోండి. మూత తీయగానే 'హుష్' అని ఒక నిట్టూర్పు వినిపిస్తుంది, పట్టించుకోకండి, పాత బండికి ఆయాసం సహజం. మూత పెట్టేసి, పన్నెండో నంబరు పానాతో కార్బొరేటర్ గిన్నె మీద మూడు దెబ్బలు వేయండి. రెండు వేస్తే చాలదు. లివర్ లాగండి. ఠక్కున పలుకుతుంది. ఏడాదిలో ఒక్కసారి కూడా గురి తప్పని వైద్యం. దెబ్బకు దయ్యం వదులుతుందని పెద్దలు ఊరికే అనలేదు.

ఇక శుభ్రం చేసే పద్ధతి. జెట్టు విప్పి పెట్రోల్లో కడిగి, గాలి కొట్టి, వెలుతురుకు ఎత్తి చూస్తే సరిపోతుందని చేతకానివాళ్లు అంటారు. మీరు పిన్నీసు తీసుకోండి. దొరక్కపోతే కరెంటు వైరులో రాగి తీగ. గుచ్చి బాగా తిప్పండి. జెట్టు మీద ఒక అంకె చెక్కి ఉంటుంది, అది బెజ్జం కొలత, మిల్లీమీటరులో నూరో వంతుల లెక్క అంటారు. మనల్ని చదవమనే అయితే అంత చిన్నగా ఎందుకు చెక్కుతారు? పిన్నీసు తిప్పాక బెజ్జం కాస్త పెద్దదవుతుంది, పెట్రోలు ధారాళంగా వస్తుంది, బండి నల్లగా పొగ కక్కుతుంది, మైలేజీ సగానికి పడుతుంది. అంటే పని చేస్తున్నట్టు రుజువు. గాలి స్క్రూ కూడా ఇంతే. పూర్తిగా బిగించి, ఎన్ని చుట్లు వదులుతున్నామో లెక్కపెట్టుకుంటూ విప్పి, ఇంజను నిలకడగా కొట్టుకునే చోట ఆపడం పిరికివాళ్ల పద్ధతి. నేను పక్కవాడితో మాట్లాడుతూ తిప్పుతాను.

ఎయిర్ ఫిల్టర్ పీకి అవతల పారేయండి, ఇంజనుకు ఊపిరాడుతుంది. లాడ్‌బజార్ దుమ్ము, సున్నం, పావురాల ఈకలు లోపలికి పోతే పోనీయండి, నాలుగు వందల ఏళ్ల ఊరి దుమ్ము. ఆయిల్ లీటరుకు ఇరవై మిల్లీలీటర్లు చాలంటారు. నేను చెంబుతో పోస్తాను, అన్నంలో నెయ్యి కొలుస్తామా? ప్లగ్గు ఇటుక రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యం, మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా మాడి ఉంటే తక్కువ అని ఉస్తాద్‌లు ముఖం చూసి జాతకం చెబుతారు. చెప్పనివ్వకండి. ముందే గరుకు కాగితంతో రుద్ది తెల్లగా చేసి పట్టుకెళ్లండి.

ఒక్క విషయంలో మాత్రం నేను చాదస్తుణ్ణి. గిన్నె విప్పినప్పుడు బీడీ ఆ గల్లీలోనే ఉండకూడదు. దీని మీద వేళాకోళం లేదు.

ఇవన్నీ చేశాక కూడా ఆగితే మార్చేయడమే. మొదటిది జుమ్మెరాత్ బజార్‌లో కొన్నాను. గురువారం పొద్దున్నే పురానాపూల్ దాటి వెళ్తే నేల మీద గుడ్డ పరిచి, గడియారాలు, కుట్టుమిషను చక్రాలు, ఒంటి చెప్పులు, వాటి మధ్య కార్బొరేటర్లు పెట్టుకుని కూర్చుంటారు. అది ఏ బండిదని అడగకండి, అడిగితే మీకు తెలియదని తెలిసిపోతుంది, ధర పెరుగుతుంది. నాకు దొరికింది స్కూటరుది. బోల్టులు కలవలేదు, మధ్యలో చెప్పు రబ్బరు కోసి పెట్టాం. సందులోంచి గాలి లాగి ఇంజను ఖాళీగా ఉన్నా ఈల వేసేది. పిల్లలకు భలే నచ్చింది. రెండోది రాణిగంజ్‌లో కొత్తది, డబ్బా మీద కంపెనీ పేరులో ఒక అక్షరం తేడా. మూడోది అసలుసిసలు కంపెనీ సరుకు, బిల్లుతో సహా. మూడూ ఇంజన్‌బౌలి దగ్గరే ఆగాయి. చూశారా, నేటి కార్బొరేటర్ల నాణ్యత ఎలా ఉందో!

"కార్బొరేటర్ల ఖర్చుతో కొత్త ఆటో వచ్చేదేమో" అని మా ఇంటావిడ లెక్క చెప్పింది. ఆడవాళ్లకు యంత్రాల సంగతి తెలియదని ఆమె లేనప్పుడు అన్నాను.

కిందటి వారం ఉస్తాద్ నమాజుకు వెళ్తే దుకాణంలో పన్నెండేళ్ల కుర్రాడు, ఆయన కొడుకే, సెలవని వచ్చి కూర్చున్నాడు. బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి, కార్బొరేటర్ వైపు కూడా చూడకుండా, "చాచా, ఢక్కన్ కా సురాఖ్ బంద్ హై" అన్నాడు. ట్యాంకులోకి గాలి పోకపోతే పెట్రోలు కిందికెట్లా దిగుతుంది అని నన్నే ఎదురు ప్రశ్న. నూనె డబ్బాకు రెండో బెజ్జం కొట్టకపోతే నూనె రాదు కదా అని పోలిక కూడా చెప్పాడు. గుండుసూది కాల్చి, నేను అంత నున్నగా పెట్టిన ఎం-సీల్‌ను పొడిచేశాడు. డబ్బు అడగలేదు, అందుకే నాకు నమ్మకం కుదరలేదు.

ఆ రోజు నుంచి బండి ఇంజన్‌బౌలిలో ఆగకుండా ఫలక్‌నుమా గుట్ట ఎక్కి దిగుతోంది. మూడో కార్బొరేటర్ ఆలస్యంగానైనా కుదురుకుందని నా అభిప్రాయం.

మిగిలిన రెండూ, వాటితోపాటు బండికి మొదట ఉన్నదీ, అలమారలో ఉన్నాయి. పానా దెబ్బల సొట్టలు తప్ప ఏ లోపమూ లేదు. కావలసినవాళ్లు శుక్రవారం తప్ప ఏ రోజైనా లాల్‌దర్వాజాకు రండి, ధర దగ్గర పేచీ పెట్టను. పానా ఉచితం.